గోధుమ నేర్పింది, వేరుశనగ తినిపించింది

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే. "మేడమ్, ఉపగ్రహంతో అంత పైనుంచి చూస్తే కింద ఏం పంట ఉందో నిజంగా తెలుస్తుందా?"

తెలుస్తుంది. ఏ పంట ఎంత మేర వేశారో తెలుస్తుంది. ఎంత పండబోతోందో కూడా కొంచెం అటూ ఇటూగా తెలుస్తుంది. తెలియనిదల్లా చేలో మనుషులు ఏం చేస్తున్నారన్నది. నేను ఉద్యోగంలో పడ్డ తిప్పలూ, నవ్విన నవ్వులూ చాలావరకు ఆ తెలియని చోటే దొరికాయి. నాకు ఏ సంవత్సరం ఏ హోదా ఇచ్చారో, ఏ కమిటీలో వేశారో ఇక్కడ రాయను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నవి రాస్తాను.

ఎర్రగా కనిపించే పైరు

మాది పుత్తూరు. ఈ మాట చెప్పగానే తెలుగువాళ్లెవరైనా సరే మోకాలో మోచెయ్యో ముందుకు చాపుతారు. "మీ ఊళ్లో కట్టు కడతారు కదా, కొంచెం ఇది చూడండి" అంటారు. నాకు ఎముకల గురించి ఏమీ తెలియదనీ, మాది సైకిల్ షాపు కుటుంబమనీ చెప్పినా నమ్మరు. రైల్లో ఒకాయన నేను తెలిసీ చెప్పడం లేదని అలిగి పక్క సీటుకు వెళ్లిపోయాడు.

సైకిల్ షాపు మా నాయనది. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒకసారి సెలవుకు వస్తూ ఆయనకు చూపిద్దామని ఒక ఉపగ్రహ చిత్రం ప్రింటు తీసుకొచ్చాను. మా ఊరి చుట్టుపక్కల చెరువుల కింద వరి వేసిన నేల అది. నాయన చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"ఏంది మా, పైరంతా ఎర్రగా ఉండాది? జొరమొచ్చినట్టుండాదే!"

నాకు నవ్వాగలేదు. ఆకులు మన కంటికి కనిపించని ఒక రకం వెలుగును బాగా తిప్పికొడతాయి. ఉపగ్రహం దాన్ని పట్టుకుంటుంది. మనకు కనిపించేలా చెయ్యాలి కాబట్టి చిత్రంలో ఆ వెలుగుకు ఎర్రరంగు ఇస్తాం. పైరు ఎంత ఏపుగా ఉంటే అంత ఎరుపు. ఇదంతా వివరంగా చెప్పాను. ఆయన అంతా విని, "అయితే ఎర్రగా ఉంటే మంచిదే అంటావు" అని తేల్చేశాడు. అప్పటినుంచి శ్రీహరికోటలో రాకెట్ లేచిన ప్రతిసారీ వీధిలోవాళ్లందరినీ మిద్దె ఎక్కించి, "పోతాండాది సూడండి, మా అమ్మి కెమెరా" అని చూపించేవాడు. అన్ని రాకెట్లూ పంటల కోసం పోవని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నేనూ కొన్నాళ్లకు చెప్పడం మానేశాను. ఆయన అలా చెప్పుకోవడం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

గోధుమ పొలాల్లో

మొదటి పోస్టింగు ఉత్తరాదిలో, గోధుమ మీద. అప్పటిదాకా గోధుమను నేను పిండి రూపంలో తప్ప చూడలేదు. అలాంటి నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఈ జిల్లాలో గోధుమ ఎంత మేర ఉందో చెప్పమన్నారు.

అక్కడ నా పై అధికారి ఖన్నాగారు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో ఉండేవారు. గోధుమ తప్ప ఈ ప్రపంచంలో పంట లేదని ఆయన నమ్మకం. బయట ఎక్కడా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. టిఫిన్ క్యారియరూ, నీళ్ల సీసా పొలాల్లోకి కూడా ఆయన వెంటే వచ్చేవి. ఆయనకు మన భాష రాదు, నాకు అప్పట్లో హిందీ అంతంతమాత్రం. ఆయన మాటలు ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.

నేను మొదటి సీజన్‌లో చిత్రం మీద ఒక పెద్ద తాలూకా మొత్తం గోధుమ అని గుర్తుపెట్టి, గొప్పగా తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన మర్నాడు పొద్దున్నే జీపు ఎక్కించి ఆ తాలూకాలో దింపారు.

"కంకి తెంపి చూడు" అన్నారు.

తెంపాను. నాకు గోధుమలాగే ఉంది. ఆయన పక్క పొలంలోంచి ఇంకో కంకి తెంపి నా చేతిలో పెట్టారు. అప్పుడు తెలిసింది, నేను గుర్తుపెట్టిన దాంట్లో బోలెడంత బార్లీ కలిసిపోయిందని. "అన్నం తినేవాళ్ల లెక్క ఇలాగే ఉంటుంది" అని ఒక్క చురక వేసి, తర్వాత ఓపిగ్గా చెప్పారు. ఒక్కరోజు చిత్రంలో రెండూ ఒకే ఎరుపు. కానీ బార్లీ ముందు పండుతుంది, ముందు రంగు మారుతుంది. కాబట్టి ఒక్క చిత్రం చూసి చెప్పకూడదు. విత్తింది మొదలు కోతదాకా వరసగా చూడాలి. ఏ పంటకైనా మొలకెత్తడం, ఎదగడం, పండటం దాని సొంత పద్ధతిలో ఉంటుంది, దాన్ని బట్టి పట్టుకోవాలి. నేను ఈ పనిలో నేర్చుకున్న దాంట్లో సగం ఆ ఒక్క రోజు నేర్చుకున్నదే.

దిగుబడి సంగతి వేరే. పైరు ఏ వారంలో ఎంత ఏపుగా ఉందో చూసి గింజ ఎంత వస్తుందో అంచనా వేస్తాం. అది సరైనదో కాదో తేలాలంటే కింద తూచి చూడాలి. దాన్నే పంటకోత ప్రయోగం అంటారు. పొలంలో ఎక్కడో ఒక చోట, మనకు నచ్చిన చోట కాదు, అదృష్టం చూపించిన చోట, ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పుతో తాడు కట్టి గడి గీస్తాం. ఆ గడిలో పైరు కోసి, నూర్చి, తూస్తాం. ఈ గడి విషయంలో ఖన్నాగారు మహా నిష్ఠాపరులు. "నమూనా దేవుడితో సమానం. ఒక్క గింజ బయట పడకూడదు" అనేవారు. పడేది కాదు కూడా. గోధుమకు అన్నీ కలిసొచ్చేవి. ఆకాశంలో మబ్బు ఉండదు. పొలాలు పెద్దవి. ఊరంతా ఇంచుమించు ఒకేసారి విత్తుతారు. పైనుంచి వేసిన లెక్కా, కింద తూచిన లెక్కా చక్కగా కలిసేవి. నేను చాలా ఏళ్లు అక్కడే పనిచేసి, నాకంతా వచ్చేసిందనుకున్నాను.

మన నేల, మన మబ్బులు

తర్వాత తిరుపతిలో ఒక చిన్న విభాగం పెట్టి, చిత్తూరు వైపు వేరుశనగను ఇదే పద్ధతిలో లెక్కగట్టాలన్నారు. నన్ను అడిగీ అడగకముందే సరేనన్నాను. గోధుమ దేశం నుంచి సామాను సర్దుకుని వచ్చేటప్పుడు రైలు రేణిగుంటకు దగ్గరపడుతుంటే కొండలు కనిపించాయి. నాకు చిన్నపిల్లలా కిటికీ ఊచలు పట్టుకుని అరవాలనిపించింది.

ఆ సంబరం మొదటి చిత్రం చూసేదాకానే. పంట కాలమంతా మబ్బులు. చేలేమో చిన్నచిన్న ముక్కలు, ఒకటి గట్టున, ఒకటి గుంతన. వేరుశనగ మధ్యలో కంది సాలు, దాని పక్కన అలసంద, గట్టుమీద జొన్న. వాన పడ్డవాడు విత్తాడు, పడనివాడు ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. గోధుమకు కుట్టిన చొక్కా వేరుశనగకు తొడిగితే ఎక్కడా సరిపోలేదు. మళ్లీ అన్నీ విప్పి కుట్టుకోవాల్సి వచ్చింది.

అప్పుడు నాకు తోడు నిలిచింది ఇంతియాజ్. పలమనేరు మనిషి, మా విభాగంలో పొలాల పనంతా చూసేవాడు. తెలుగు, ఉర్దూ, కొంచెం తమిళం గలగలా మాట్లాడతాడు. ఏ ఊరికి వెళ్లినా పది నిమిషాల్లో అక్కడివాళ్లకు బంధువైపోతాడు. మేమిద్దరం కలిసి మబ్బులు విడిచిన రోజుల చిత్రాలు ఏరుకుని, కంది సాళ్లను విడదీసి, రెండు సీజన్లు కిందామీదా పడి విస్తీర్ణం లెక్క దారికి తెచ్చాం.

దిగుబడి మాత్రం లొంగలేదు. మేం పైనుంచి చూసి ఇంత పండుతుందంటే, గడిలో తూచినది ప్రతిసారీ అంతకంటే తక్కువ వచ్చేది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయితే సర్దుకోవచ్చు. ఇది ఎప్పుడూ తక్కువే. పుంగనూరు వైపు తక్కువ, కుప్పం వైపు తక్కువ, పీలేరు వైపు తక్కువ.

అందరూ దీనికి ఒకే కారణం చెప్పారు, వినడానికి సబబుగానే ఉండేది. గోధుమ గింజ కంకిలో పైకి కనిపిస్తూ ఉంటుంది. వేరుశనగ కాయ మట్టిలో ఉంటుంది. ఉపగ్రహానికి కనిపించేది ఆకు ఒక్కటే. ఆకు ఏపుగా పెరిగి కాయ పట్టకపోతే పైనున్న కెమెరాకు ఏం తెలుస్తుంది? ఖన్నాగారు అప్పటికి ఇంకా పై హోదాకు వెళ్లి, మా విభాగం ఉండాలో వద్దో చెప్పే స్థానంలో ఉన్నారు. "ఆకును చూసి కాయ చెప్పడం జాతకం చెప్పడంలాంటిది, మన పని కాదు" అని ఫోన్‌లో అనేశారు. మూడో సీజన్ కోతకు తానే వస్తానన్నారు.

నాకు లోపల దిగులు పట్టుకుంది. ఈ విభాగం మూసేస్తే నన్ను మళ్లీ గోధుమకు పంపిస్తారు. అది ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ ఏమిటంటే, మా చేలను చిన్న ముక్కలనీ, మబ్బులనీ వదిలేస్తారు. పంట పోయిన ఏడాది ఎక్కడ ఎంత పోయిందో తొందరగా చెప్పగలిగే పని ఇది. దాన్ని మా నేల దగ్గరే ఆపేయడం నాకు అస్సలు మింగుడుపడలేదు.

రెడ్డెమ్మ చేలో

ఖన్నాగారు వచ్చారు. తెల్లటోపీ, టిఫిన్ క్యారియర్, నీళ్ల సీసా, అన్నీ అలాగే ఉన్నాయి. తిరుపతి నుంచి కారులో పుంగనూరు వైపు వెళ్తుంటే దారిలోనే తేల్చి చెప్పారు.

"నువ్వంటే నాకు అభిమానమే. కానీ ఈరోజు కూడా తూకం తక్కువ వస్తే ఇంక వాదన లేదు. వేరుశనగ మూసేద్దాం. నీ కుర్చీ అక్కడ ఖాళీగానే ఉంది."

ఆ చేనుకు ఉపగ్రహం చెప్పిన దిగుబడి ఒక గడికి ఎంతవుతుందో ముందే ఒక చీటీ మీద రాసి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నారు. నేను కిటికీలోంచి టమోటా తోటలు చూస్తూ కూర్చున్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

చేను ఒక గుట్ట వారన ఉంది. రెడ్డెమ్మ, ఆమె భర్త మునిరత్నం, కాయలు కోయడానికి వచ్చిన ఆడవాళ్లు మా కోసం ఎదురు చూస్తున్నారు. ఇంతియాజ్ తన ఫోన్‌లో యాప్ చూపించిన చోట మేకులు దిగ్గొట్టి, తాడు లాగి గడి కట్టాడు. ముందు రోజు వాన పడి నేల మెత్తగా ఉంది. చెట్లు పట్టుకుని లాగితే కాయలు గుత్తులు గుత్తులుగా పైకొచ్చాయి. ఆడవాళ్లు వేపచెట్టు నీడన కూర్చుని, నవ్వుకుంటూ కాయలు తుంచి గంపలో వేస్తున్నారు. ఖన్నాగారికి ఒక కుర్చీ వేశారు. ఆయన మా అందరికీ నమూనా ఎంత పవిత్రమైందో చెప్పడం మొదలుపెట్టారు.

ఇంతలో రెడ్డెమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద ఉప్పు వేసి ఉడకబెట్టిన కాయలు పెద్ద తాంబాళంలో తెచ్చి మా ముందు పెట్టింది. పొగలు కక్కుతున్నాయి. పక్కనే గుప్పెళ్లతో పచ్చికాయలు కూడా పోసింది.

"బయట ఏమీ తినను" అని ఖన్నాగారు చేతులు జోడించారు.

రెడ్డెమ్మ ముఖం మాడిపోయింది. "ఏందన్నా ఈ సారు ఇట్లంటాడు? చెనిక్కాయలు పెరికేనాడు చేలో కాలు పెట్టినోళ్లు ఉత్తనోటితో పోతే, మళ్లా ఏడాది మా చేలో కాయ పట్టదు. మా మీద పగుంటే పొమ్మను."

ఇంతియాజ్ దాన్ని హిందీలో ఎంతో మర్యాదగా మార్చి చెప్పాడు. పగ అన్న మాట మాత్రం మింగేశాడు. ఖన్నాగారు మొహమాటపడి ఒక్క కాయ తీసుకుని వలిచి నోట్లో వేసుకున్నారు. తర్వాత ఉపన్యాసం కొనసాగించారు. మా ఊరి ఉడకేసిన కాయల గుణం మీకు తెలిసిందే. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, చెయ్యి దాని పని అది చేసుకుంటూ పోతుంది. మేమూ తిన్నాం. కాయలు తుంచే ఆడవాళ్లూ రెండు గంపలో వేసి ఒకటి నోట్లో వేసుకున్నారు. మునిరత్నం కూడా తిన్నాడు.

తూకం వేశాం. తక్కువ. ఎప్పటిలాగే తక్కువ.

ఖన్నాగారు జేబులో చీటీ తీసి చూసి, మళ్లీ మడిచి పెట్టుకుని లేచారు. "నేను చెప్పిందే. ఆకు" అన్నారు. ఇంతియాజ్ మేకులు పీకుతున్నాడు. నేను ఒక రాయి మీద కూలబడి, ఏం చెయ్యాలో తోచక తాంబాళంలోంచి ఇంకో కాయ తీసుకుని వలిచాను. పొట్టు కింద పడేశాను. అది నా కాళ్ల దగ్గరున్న పొట్టు కుప్ప మీద పడింది.

అప్పుడు చూశాను ఆ కుప్పను. తలెత్తి చూస్తే ప్రతి మనిషి ముందూ ఒక కుప్ప ఉంది. ఖన్నాగారి కుర్చీ కింద అన్నిటికంటే పెద్దది ఉంది.

"రెడ్డెమ్మా, ఈ కాయలు ఏ చెట్లవి?" అని అడిగాను.

"అట్లడుగుతావేంది మా? మీ గడిలోవే. మీకోసరమని తాడు కట్టి పెట్టినారు కదా. మీవి మీకు పెట్టకుండా ఇంకెవురివి పెట్టేది?"

నేను పెద్దగా నవ్వడం మొదలుపెట్టాను. ఖన్నాగారు నాకు మతి పోయిందేమోనన్నట్టు చూశారు.

గోధుమ గింజల్ని ఎవరూ పొలంలో కూర్చుని పిడికెడు పిడికెడు బొక్కరు. కాబట్టి గోధుమ కోసం తయారైన పద్ధతిలో నమూనాను జనం తినేస్తారన్న ఊహే లేదు. మా జిల్లాలో వేరుశనగ పీకే రోజు తినకుండా ఎవరూ కదలరు. అందులోనూ అతిథులకు వాళ్ల గడిలోవే పెట్టడం మర్యాద. మేం తూచిన ప్రతి చేలోనూ, రెండు సీజన్లుగా, మా నమూనాను మేమే తినేశాం. గడి ఎంతో చిన్నది. అందులో కాస్త తగ్గినా మొత్తం చేనుకు లెక్కగడితే ఎంతో తగ్గుతుంది.

"మనుషులు తిన్నంత మాత్రాన ఎంత పోతుంది?" అన్నారు ఖన్నాగారు.

"లెక్కేద్దాం సార్" అన్నాను.

పొట్టు తూస్తే లాభం లేదు, ఉడికినవి నీళ్లు పీల్చి ఉంటాయి. అందుకని ఎవరి కుప్పలో ఎన్ని కాయల పొట్టు ఉందో లెక్కపెట్టాం. అన్నీ కలిపి పోస్తే సరిపోయేది కానీ ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఎవరెక్కువ తిన్నారో తేలాలన్నారు. ఒక్కొక్కరి ముందూ కూర్చుని గట్టిగా లెక్కపెట్టారు. మునిరత్నం తన కుప్పలోంచి కొంత పక్కవాళ్ల కుప్పలోకి తోయబోయి దొరికిపోయాడు.

"సారు గెలిచినాడు!" అని రెడ్డెమ్మ చప్పట్లు కొట్టింది. "ఉత్తనోటితో పోతానన్న మనిషి! శానా సంతోసం సారూ."

ఇంతియాజ్ ఈసారి ఒక్క ముక్క కూడా మింగకుండా అనువాదం చేశాడు. ఖన్నాగారి చెవులు ఎర్రబడ్డాయి. పక్క చెట్ల నుంచి సరిగ్గా అన్నే కాయలు కోసి, తూచి, పాత తూకానికి కలిపాం. చీటీలో ఉన్న దానికి దగ్గరగా వచ్చింది.

"ఇది లెక్క కాదు, తమాషా" అన్నారాయన. ఆ మాట నాకు నచ్చింది. ఆయన చోట నేనున్నా అదే అనేదాన్ని. "పక్కన ఇంకో గడి కట్టండి. ఈసారి ఒక్కరూ నోరు కదపకూడదు."

నేను రెడ్డెమ్మ వైపు చూశాను. "తినింది తినేసినారు కదా, మా చేనుకు వచ్చే దోసమేం లేదు. ఇప్పుడు మీ ఇష్టం" అని ఒప్పుకుంది.

రెండో గడి పీకారు. అంత నిశ్శబ్దంగా వేరుశనగ కాయలు కోయడం నేను జీవితంలో ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్లు పెదవులు బిగించి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే నవ్వొస్తుందని తలలు దించుకుని కోశారు. ఖన్నాగారు చేతులు వెనక్కి కట్టుకుని కాపలా తిరిగారు. తాంబాళం మీద కండువా కప్పేశారు. ఇంతియాజ్ గంపను కాటాకు తగిలించాడు. ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే నేను చూడలేక గుట్ట వైపు తిరిగాను.

"మేడమ్, సూడండి! వచ్చేసినాది!"

ఖన్నాగారు ముల్లును చూశారు, చీటీని చూశారు, మళ్లీ ముల్లును చూశారు. తర్వాత తలెత్తి ఆకాశంలోకి చూశారు, అక్కడ ఏదో కనిపిస్తుందన్నట్టు. అన్నేళ్లలో ఆయన నవ్వడం నేను చూడలేదు. ఆరోజు టోపీ తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

"ఇప్పుడన్నా తినొచ్చునా సారూ?" అంది రెడ్డెమ్మ.

ఆయనకు అనువాదం అక్కర్లేకపోయింది. తానే వెళ్లి తాంబాళం మీద కండువా తీశారు. టిఫిన్ క్యారియర్ ఆ రోజు మూత తీయకుండానే తిరుపతి చేరింది.

మర్యాద గడి

తిరిగొచ్చేటప్పుడు పుంగనూరులో టీ తాగుతూ ఇంతియాజ్ ఫోన్‌లో పాత ప్రయోగాల ఫొటోలు తెరిచాడు. మేకుల ఫొటో, తాడు ఫొటో, తూకం ఫొటో, అన్నీ యాప్ అడిగినట్టే పద్ధతిగా ఉన్నాయి. ఇప్పుడు మేం చూసింది వాటిలో మనుషుల ముఖాలు. ఊరు ఊరునా బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. ఒక ఫొటోలో కాటా పట్టుకున్న ఇంతియాజే నములుతున్నాడు. ఇంకోదాంట్లో నేనున్నాను, రెండు బుగ్గలూ నిండుగా. టీ కొట్టాయన మా నవ్వులకు బయటికొచ్చి చూశాడు.

ఖన్నాగారు కారెక్కగానే పాత మనిషైపోయారు. ప్రయోగ సమయంలో ఎవరూ తినరాదని ఒక నిబంధన పెడదామన్నారు. "సార్, మా జిల్లాలో ఆ నిబంధన ఒక్కపూట కూడా నిలవదు. నిలబెట్టాలని చూస్తే మనల్ని చేలోకి రానివ్వరు" అన్నాను. చివరికి ఒక దారి దొరికింది. ఒక గడి తూకానికి, పక్కనే ఇంకో చిన్న గడి తినడానికి. రెండోదానికి ఇంతియాజ్ మర్యాద గడి అని పేరు పెట్టాడు. ముందు అందులోవి ఉడకేసి అందరికీ పెట్టించేవాళ్లం. కడుపులు నిండాక తూకం గడి ముట్టుకునేవాళ్లం. ఆ ఏడాది నుంచి రెండు లెక్కలూ కలిశాయి. పాత రెండు సీజన్ల తూకాలు మాత్రం పక్కన పడేశాం. ఎవరెంత తిన్నారో ఇప్పుడెవరు చెప్పగలరు?

విభాగం ఉండిపోయింది. నేనూ ఉండిపోయాను.

కొత్తవాళ్లకు రెండు మాటలు చెబుతాను, కోపం తెచ్చుకోకండి. ఇప్పుడు మబ్బుల్లోంచి కూడా చూసే ఉపగ్రహాలు వచ్చాయి. ఏది ఏ పంటో కంప్యూటరే గుర్తుపట్టడం నేర్చుకుంటోంది. నాకు అసూయగా ఉంటుంది, మా కాలంలో ఇవన్నీ ఉంటే ఎంత బాగుండేదా అని. కానీ ఆ కంప్యూటర్ నేర్చుకునేది మనం కింద తూచి ఇచ్చిన అంకెల నుంచే. సగం తినేసిన గడి అంకె ఇస్తే అది దాన్నే నిజమని నేర్చుకుంటుంది, ఎంతో నమ్మకంగా తప్పు చెబుతుంది. అంకెలు కలవనప్పుడు ముందు ఉపగ్రహాన్ని తిట్టకండి, రైతునీ తిట్టకండి. వెళ్లి ఆ చేలో ఒక పూట కూర్చోండి. ఇంకోటి, మీ పై అధికారి ఖన్నాగారిలా చాదస్తుడైతే అదృష్టమనుకోండి. కారు దిగి చేలోకి వచ్చి, తన లెక్క తప్పని తేలాక రెండో గడి కట్టించే అధికారులు తక్కువ. కారు అద్దం దించకుండా సంతకం పెట్టేవాళ్లను కూడా నేను చూశాను. వాళ్ల గురించి రాయడానికి నాకు కాగితం దండగ.

ఖన్నాగారు నాకంటే ముందే రిటైరయ్యారు. ప్రతి ఏడూ మా కోతల రోజుల్లో ఫోన్ చేస్తారు. ముందు దిగుబడి ఎలా ఉందని అడుగుతారు, తర్వాత గొంతు తగ్గించి కాయలు పంపించమంటారు.

నేను రిటైరైన రోజు ఆఫీసులో శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పారు. అవి అయ్యాక ఇంతియాజ్ బల్లమీద పేపర్లు పరిచి, పెద్ద గిన్నెడు ఉడకేసిన కాయలు పోశాడు. రెడ్డెమ్మ తన చేలోవి ప్రత్యేకంగా పంపించిందట. పాత సంగతులు చెప్పుకుంటూ, కొత్త పిల్లల ప్రశ్నలకు జవాబులిస్తూ, అందరం నవ్వుకుంటూ తిన్నాం. గిన్నె ఖాళీ అయ్యాక ఒక అమ్మాయి ఆనాడు రెడ్డెమ్మ చేలో చేసినట్టే ఎవరి ముందు ఎంత పొట్టుందో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మిగతావాళ్లూ కలిశారు. కుర్చీల కింద దూరి మరీ లెక్కపెట్టి, చివరికి అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు.

"మేడమ్ గెలిచినారు!" అని ఇంతియాజ్ అరిచాడు.